ఆయిల్ రిపోర్టులో పొటాషియం పెరిగింది, హెడ్ విప్పేయాలా?

ప్రశ్న: నా డీజిల్ ఎస్‌యూవీకి నాలుగేళ్లు. కొంతకాలంగా కూలెంట్ మట్టం తగ్గుతోంది, బయట ఎక్కడా చుక్క కారడం లేదు. పోయిన సర్వీసు నుంచి ఈ సర్వీసు దాకా, అంటే 8,000 కిలోమీటర్లలో, ముప్పావు లీటరు వరకు పోశాను. ఆయిల్ మార్చేటప్పుడు పాత ఆయిల్ కొంచెం ల్యాబ్‌కి పంపాను. పోయినసారి కూడా పంపాను కాబట్టి రెండు రిపోర్టులూ చేతిలో ఉన్నాయి. సోడియం 5 నుంచి 74 పీపీఎంకి (పది లక్షల్లో 74 వంతులు), పొటాషియం 2 నుంచి 96కి, రాగి 9 నుంచి 31కి పెరిగాయి. సీసం 6, అల్యూమినియం 4, సిలికాన్ 12. ఈ మూడూ పెద్దగా మారలేదు. నీరు 0.1 శాతం లోపే. గ్లైకాల్ (కూలెంట్‌లోని ప్రధాన ద్రవం) ఎదురుగా ‘నెగటివ్’ అని ఉంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా నల్లగానే ఉంది, పాలలాగా ఏమీ మారలేదు. మా మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ పోయింది, విప్పాల్సిందే అంటున్నాడు. ఇంజిన్ల గురించి తెలిసిన మరొకాయన మాత్రం గ్లైకాల్ లేదన్నారు కదా, టెన్షన్ పడకు అంటున్నారు. ఎవరి మాట వినాలి? ఛాంబర్‌లో 8 లీటర్ల ఆయిల్ పడుతుంది. రెండు సార్లూ ఒకే ఆయిల్, ఒకే ల్యాబ్. కొత్త ఆయిల్ పోసి 300 కిలోమీటర్లు నడిపాను.

సమాధానం: ఇద్దరి మాటా సగం సగం వినండి. ఆయిల్‌లోకి కూలెంట్ వస్తోందన్న మీ మెకానిక్ అనుమానం నిజమే అనిపిస్తోంది. అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ, పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే పొర) నుంచే వస్తోందని ఈ రిపోర్టు చూసి ఎవరూ చెప్పలేరు. టెన్షన్ పడొద్దన్న ఆయన మాటలో హెడ్ ఇప్పుడే విప్పొద్దు అన్నంత వరకు తీసుకోండి, గ్లైకాల్ నెగటివ్ కాబట్టి ఏమీ లేదు అన్నది మాత్రం వదిలేయండి.

ముందు ఆయిల్ ఎందుకు తెల్లబడలేదో చూద్దాం. చాలామంది మోసపోయేది ఇక్కడే. ఆయిల్ పాలలా మారాలంటే నీరు చాలా పడాలి, అది ఆవిరైపోకుండా నిలవాలి. మీది 8,000 కిలోమీటర్లలో మెల్లగా ఊరిన లీకు. ఇంజిన్ బాగా వేడెక్కేలా నడిచిన ప్రతిసారీ ఆయిల్‌లో చేరిన నీరు ఆవిరై బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా వెళ్లిపోతుంది. అందుకే నీరు 0.1 శాతం లోపే అని వచ్చింది. దీనికి తిరకాసు కూడా ఉంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో, చలికాలంలో, ఆయిల్ మూత కింద గోధుమరంగు మీగడ కనిపిస్తుంది. అది చాలాసార్లు గాలిలోని తేమ చేరడం వల్ల వచ్చినదే, ఏ లీకూ ఉండదు. కాబట్టి తెల్లబడితే లీకు, లేకపోతే లేదు అనే లెక్క రెండువైపులా తప్పుతుంది.

నీరు పోయినా కూలెంట్‌లో కలిపిన లవణాలు ఎక్కడికీ పోవు. సముద్రపు నీరు ఎండిపోయాక మడిలో ఉప్పు మిగిలినట్టు, తుప్పు పట్టకుండా కూలెంట్‌లో వేసే రసాయనాల సోడియం, పొటాషియం ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఆయిల్ మార్చేదాకా పోగవుతూ ఉంటాయి. అందుకే కూలెంట్ లీకు కోసం రిపోర్టు చదివేవాళ్ల కళ్లు ముందు ఈ రెండు అంకెల మీదకే వెళ్తాయి.

ఇక గ్లైకాల్. అదీ వేడి ఆయిల్‌లో స్థిరంగా ఉండదు. ఆక్సీకరణ చెంది గ్లైకాలిక్, ఫార్మిక్, ఆక్సాలిక్ లాంటి ఆమ్లాలుగా మారుతుంది. గ్లైకాల్‌ని వెతికే పరీక్షకు ఆ ఆమ్లాలు కనిపించవు. పైగా చాలా ల్యాబులు మామూలు ప్యాకేజీలో చేసేది రంగు మారే రసాయన పరీక్ష, ఏఎస్‌టీఎం డీ2982 అంటారు. గ్యాస్ క్రొమటోగ్రఫీతో చేసే డీ4291 దానికన్నా చాలా తక్కువ మోతాదును కూడా పట్టుకుంటుంది, కానీ అడిగితేనే చేస్తారు. గ్లైకాల్ పాజిటివ్ వస్తే కూలెంట్ ఉన్నట్టే అనుకోవచ్చు. నెగటివ్ వస్తే, ఆ రోజు ఆ సీసాలో ఆ పరీక్షకు చిక్కేంత గ్లైకాల్ లేదని మాత్రమే అర్థం.

సోడియం, పొటాషియం ఇంకెక్కడి నుంచీ రావా అంటే వస్తాయి. హెడ్ విప్పే ముందు ఆ దారులన్నీ ఒకసారి చూసుకోవాలి.

కొన్ని ఇంజిన్ ఆయిళ్లలో డిటర్జెంట్‌గా సోడియం సమ్మేళనాలే కలుపుతారు. ఆ ఆయిల్ కొత్త డబ్బాలోనే సోడియం వందల్లో ఉంటుంది. మీరు రెండుసార్లూ వాడింది ఒకే ఆయిల్, మొదటి రిపోర్టులో సోడియం 5 కాబట్టి ఇది వర్తించదు. అయినా ఆయిల్ కంపెనీలు పేరు మార్చకుండా లోపలి మిశ్రమం మారుస్తుంటాయి. ఇప్పుడు పోసిన ఆయిల్ డబ్బాలో అడుగున కాస్త మిగిలి ఉంటే దాన్నీ ల్యాబ్‌కి పంపండి. ఉప్పు గాలి, ఉప్పు చల్లిన రోడ్లు, నీళ్లతో కడిగిన నమూనా సీసా, వీటివల్ల పెరిగేది ప్రధానంగా సోడియమే. పక్కన పొటాషియం ఇంతగా పెరగదు.

పొటాషియంకి మాత్రం తప్పుదారి పట్టించే మరో మూలం ఉంది. ల్యాబులు కూడా ఒక్కోసారి దీన్ని చూసి కూలెంట్ అని రాసేస్తాయి. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ను అల్యూమినియంతో చేస్తారు. దాన్ని అతికేటప్పుడు వాడే ఫ్లక్స్‌లో పొటాషియం, అల్యూమినియం, ఫ్లోరిన్ కలిసి ఉంటాయి. కొత్త ఇంజిన్లో ఆ ఫ్లక్స్ గాలితో పాటు లోపలికి వెళ్లి, చివరికి ఆయిల్‌లో చేరుతుంది. అప్పుడు పొటాషియంతో పాటు అల్యూమినియం కూడా పైకి లేస్తుంది, సోడియం కదలదు. ఆయిల్ మార్చిన కొద్దీ రెండూ తగ్గిపోతాయి. మీ బండి కొత్తది కాదు, అల్యూమినియం 4 దగ్గరే ఉంది, సోడియం పొటాషియంతో పాటే పెరిగింది. కాబట్టి ఇది ఇంటర్‌కూలర్ పని కాదు.

సిలికాన్ పెరగలేదు కదా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. సిలికేట్ లేని కూలెంట్లు బోలెడున్నాయి, అవి లీకైనా సిలికాన్ కదలదు. ఒకవేళ పెరిగినా అది దుమ్ము కావచ్చు, గ్యాస్కెట్‌కి పూసే సిలికోన్ పేస్టు కావచ్చు. బోరాన్, మాలిబ్డినం ఇంకా అయోమయం, కూలెంట్లోనూ ఉండొచ్చు, ఆయిల్లోనూ ఉండొచ్చు. కూలెంట్ ఏ రకమో రంగు చూసి చెప్పడం కూడా కుదరదు, అది కేవలం డై.

మీరు చెయ్యని పని ఒకటుంది, అదే ఇప్పుడు అన్నిటికన్నా పనికొస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ డబ్బాలోంచి 100 మిల్లీలీటర్లు తీసి అదే ల్యాబ్‌కి పంపండి. అందులో సోడియం ఎంత, పొటాషియం ఎంత అని అడగండి. పైపైన పోసినది మంచినీరా, కూలెంటా అన్నదాన్ని బట్టి డబ్బాలోని మిశ్రమం మారి ఉంటుంది. అందుకే కంపెనీ కాగితంలోని అంకె కాకుండా మీ బండిలో ఇప్పుడున్న దాని అంకె కావాలి.

అది వచ్చాక లెక్క ఇలా వెయ్యండి. ఉదాహరణకు మీ కూలెంట్లో పొటాషియం 4,000, సోడియం 2,900 పీపీఎం ఉన్నాయనుకుందాం. ఆయిల్‌లో పొటాషియం పెరిగింది 94. దాన్ని 4,000తో భాగిస్తే 0.0235. సోడియం పెరిగింది 69, దాన్ని 2,900తో భాగిస్తే 0.0238. రెండూ దాదాపు ఒకటే. ఇలా కలిశాయంటే ఆ లవణాలు మీ రేడియేటర్‌లోంచి వచ్చినవే, ఇక వాదన అక్కర్లేదు. ఒకదానికి రెండు శాతం, ఇంకోదానికి పది శాతం అని వస్తే మాత్రం ఆ రెండో దానికి వేరే దారి ఉందని అర్థం.

అదే లెక్కను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లొచ్చు. 0.0235ని ఛాంబర్‌లోని 8 లీటర్లతో గుణిస్తే 0.19 లీటర్లు. అంటే ఆ ఆయిల్ నడిచినన్నాళ్లలో సుమారు 190 మిల్లీలీటర్ల కూలెంట్ ఆయిల్‌లోకి చేరింది. ఇది ఉజ్జాయింపు లెక్కే. మధ్యలో ఆయిల్ పైపోత పోసి ఉంటే అసలు సంఖ్య ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. మీరు పోసిందేమో 750 మిల్లీలీటర్లు. మిగతా 560 ఎటు పోయింది? ఆ ప్రశ్నే లీకు ఎక్కడుందో వెతకడానికి మొదటి ఆధారం. పోసినదంతా ఆయిల్‌లోనే కనిపిస్తే అనుమానం కూలెంట్‌తో ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్ మీదకో, వెట్ లైనర్ ఇంజిన్ (సిలిండర్ గొట్టం బయటి గోడకు కూలెంట్ నేరుగా తగిలే రకం) అయితే లైనర్ కింది ఓరింగుల (రబ్బరు వలయాల) మీదకో పోతుంది. ఇలా ఎక్కువ భాగం లెక్కకు రాకపోతే సిలిండర్‌లో కాలి పొగగొట్టంలోంచి ఆవిరిగా పోతూ ఉండొచ్చు. అంటే హెడ్ గ్యాస్కెట్, హెడ్‌లో పగులు, లేదా ఈజీఆర్ కూలర్ (పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే భాగం). అదీ కాకపోతే లోపలి లీకుతో పాటు బయట కూడా చిన్న లీకు ఉండొచ్చు. వేడి భాగాల మీద పడిన చుక్క కింద పడకముందే ఆవిరైపోతుంది, తెల్లటి లేదా రంగు మరక మాత్రం మిగులుతుంది. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం, హోస్ క్లిప్పులు, ముందు సీటు కింది కార్పెట్ తడి, ఇవి టార్చి వేసి చూసుకోండి. దీనికి ఖర్చు లేదు.

ఆయిల్ కూలర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. హెడ్ విప్పి, గ్యాస్కెట్ మార్చి, అంతా బిగించాక కూడా కూలెంట్ తగ్గుతూనే ఉంటే చివరికి దొరికే దొంగ తరచుగా ఇదే. చాలా ఇంజిన్లలో దాన్ని విప్పడం హెడ్ విప్పడం కన్నా తేలిక కూడా. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ కూలెంట్ ప్రెషర్ కన్నా బాగా ఎక్కువ కాబట్టి కూలర్‌లో చిల్లి పడితే ఆయిల్ కూలెంట్‌లోకి వెళ్తుంది. ఇంజిన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా అవుతుంది. కూలెంట్ వేడిగా ఉన్నంతసేపూ మూత కింద ఒక బార్ దాకా ప్రెషర్ నిలిచే ఉంటుంది, అప్పుడు కూలెంట్ ఆయిల్‌లోకి వస్తుంది. కాబట్టి కూలెంట్ డబ్బా చల్లగా ఉన్నప్పుడు తెరిచి, గోడలకు జిడ్డు అంటుకుందేమో, పైన నూనె తెట్టె ఉందేమో చూడండి. ఉంటే మొదట కూలర్‌నే అనుమానించండి. జిడ్డు లేనంత మాత్రాన కూలర్‌కి క్లీన్ చిట్ ఇవ్వొద్దు.

గ్యాస్కెట్ లక్షణాలు వేరుగా ఉంటాయి. సిలిండర్‌లోని మండే వాయువు కూలెంట్‌లోకి దూరుతుంది. రాత్రంతా ఆగిన బండిని ఉదయం స్టార్ట్ చేసిన కాసేపటికే, ఇంకా వేడెక్కకుండానే పై హోస్ గట్టిపడుతుంది, డబ్బాలో ఆగకుండా బుడగలు వస్తాయి. మెకానిక్‌ల దగ్గర డబ్బా మూతి మీద పెట్టే గాజు గొట్టం పరీక్ష ఉంటుంది. వాయువు తగిలితే అందులోని నీలి ద్రవం రంగు మారుతుంది. మారితే నమ్మొచ్చు, మారకపోతే సన్నటి లీకు తప్పించుకుని ఉండొచ్చు.

మీ మెకానిక్‌తో ఇంకో పరీక్ష చేయించండి. చల్లటి ఇంజిన్ మీద, కూలెంట్ మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకే పంపుతో గాలి ఎక్కించి రాత్రంతా వదిలేయమనండి. పొద్దున్నే, స్టార్ట్ చేయకుండా, ఛాంబర్ నట్టును పూర్తిగా తియ్యకుండా నెమ్మదిగా వదులు చేయమనండి. కూలెంట్ ఆయిల్ కన్నా బరువు, అడుగున చేరుతుంది. మొదట నాలుగు చుక్కలు రంగు నీళ్లలా వస్తే ఇక ల్యాబ్ అక్కర్లేదు. గ్లో ప్లగ్గులు గానీ, ఇంజెక్టర్లు గానీ తీసి సన్నటి కెమెరా దింపితే మిగతా పిస్టన్లు నల్లగా ఉండి ఒక్కటి మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే, కూలెంట్ ఆ సిలిండర్‌లోకే వస్తోంది. అప్పుడు హెడ్ విప్పమన్నా అర్థముంది. ఇంజిన్ వేడెక్కి లోహం సాగినప్పుడే తెరుచుకునే పగుళ్లూ ఉంటాయి. అవి ఈ చల్లటి పరీక్షలో దొరకవు. అలాంటి వాటిని బయటపెట్టేది మళ్లీ ఆయిల్ రిపోర్టే.

ఒక మాట మధ్యలో. కొందరు డిప్‌స్టిక్ చివరను వేలితో తుడిచి నాలుక మీద పెట్టుకుని, తియ్యగా ఉంది, కూలెంటే అని తేలుస్తారు. ఇథిలీన్ గ్లైకాల్ విషం. కొద్ది మోతాదే కిడ్నీలను దెబ్బతీస్తుంది. తీసిన కూలెంట్ నమూనాను కూడా పిల్లలకూ, కుక్కలకూ అందకుండా ఉంచండి.

మీ రిపోర్టులో నన్ను కాస్త కలవరపెట్టింది రాగి. 9 నుంచి 31. కొన్ని ఇంజిన్లలో ఆయిల్ కూలర్‌లోని రాగి ఆయిల్ రసాయనాలతో కలిసి కరగడం వల్ల కూడా రాగి పెరుగుతుంది. అది హాని లేనిది. కానీ మామూలుగా కొత్త ఇంజిన్లోనో, ఆయిల్ రకం మార్చినప్పుడో వస్తుంది. మీ విషయంలో ఆ రెండూ లేవు. గ్లైకాల్ నుంచి పుట్టిన ఆమ్లాలు బుష్‌లనూ బేరింగులనూ తినడం మొదలుపెట్టాయేమో అన్నది తోసిపుచ్చలేం. సీసం పెరగలేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు, ఈ కాలపు బేరింగులు చాలావాటిలో సీసమే ఉండదు. పాత ఫిల్టర్ పారేయకపోతే దాన్ని కోయించి, మడతల కాగితం విప్పి ఎండలో పట్టి చూడండి. రాగి రంగు మెరుపు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. మడతల మధ్య నల్లటి జిగురు పట్టి ఉన్నా ఆలోచించాల్సిందే, ఎందుకంటే డీజిల్ మసి గ్లైకాల్‌తో కలిసినప్పుడు అలాగే ముద్దకడుతుంది.

ఇప్పుడు కొత్త ఆయిల్ మీద 300 నడిపారు కదా. వెయ్యి కిలోమీటర్ల దగ్గర మళ్లీ నమూనా తియ్యండి. అరగంట నడిపి, ఆయిల్ వేడిగా ఉండగా, డిప్‌స్టిక్ గొట్టంలోంచి కొత్త ట్యూబుతో పంపు పెట్టి లాగాలి. ట్యూబు ఛాంబర్ అడుగుకు తగలకూడదు, డిప్‌స్టిక్ పొడవే కొలతగా పెట్టుకోండి. సీసా ల్యాబ్ ఇచ్చిందే వాడండి, నీళ్ల సీసా కడిగి వాడొద్దు. ఆయిల్ ఎన్ని కిలోమీటర్లు నడిచిందో, మధ్యలో ఎంత పోశారో కాగితంలో రాయండి. ఈసారి గ్లైకాల్ గ్యాస్ క్రొమటోగ్రఫీలో చేయమని అడగండి.

ఆ రిపోర్టులో పొటాషియం ఎంత ఉండాలో ముందే అంచనా వేసుకోవచ్చు. ఆయిల్ మార్చినా కూలర్‌లో, దారుల్లో పాతది కొంత మిగులుతుంది. అది పదో వంతు అనుకుంటే 96లో 10 దాకా అక్కడి నుంచే వస్తుంది. పాత ఆయిల్‌లో లీకు ఒకే వేగంతో సాగి ఉంటే వెయ్యి కిలోమీటర్లకు సుమారు 12. కలిపి 20కి అటూ ఇటూ. అంత వస్తే లీకు అదే వేగంతో నడుస్తోంది, మీకు వెతికే సమయం ఉంది. 50, 60 వచ్చిందంటే లీకు మొదలైంది ఈమధ్యే, వేగంగా పెరుగుతోంది. 10 దగ్గరే ఆగితే ఈ వెయ్యిలో కొత్తగా ఏమీ చేరలేదన్నమాట. అప్పుడు కూలెంట్ డబ్బా మీద మట్టం ఏం చెబుతోందో చూసి నిర్ణయించుకోండి. మట్టం ఎప్పుడూ చల్లటి ఇంజిన్ మీదే, ఒకే సమతల స్థలంలో చూడాలి.

ఈలోపు నడపొచ్చా? టెంపరేచర్ మామూలుగా ఉండి, కూలెంట్ ఇదే వేగంతో తగ్గుతూ ఉంటే నడపొచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగినా, ఉదయం స్టార్ట్ చేయగానే తెల్లటి ఆవిరి ఆగకుండా వచ్చినా, స్టార్టర్ తిరగబోయి ఒక్కసారిగా బిగుసుకున్నా అక్కడితో ఆపేయండి. చివరిది అన్నిటికన్నా ప్రమాదం. రాత్రి సిలిండర్‌లో చేరిన ద్రవం నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అలాంటప్పుడు మళ్లీ మళ్లీ తాళం తిప్పొద్దు.

లీకులు ఆపే మందు సీసాలు కూలెంట్‌లో పోయమని ఎవరైనా సలహా ఇస్తారు. వాటిలో చాలావాటిలో ఉండేది సోడియం సిలికేట్. హీటర్ గొట్టాలు, రేడియేటర్ సన్నటి దారులు మూసుకుపోవడం ఒక బాధ, మీరు ఇంత కష్టపడి పట్టుకున్న సోడియం లెక్క కూడా చెడిపోతుంది. వద్దు.

రిపేరు అయ్యాక రెండు సంగతులు. ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేసి 500 నుంచి 1,000 కిలోమీటర్ల లోపే మళ్లీ మార్చేయండి, గ్లైకాల్ మిగిల్చిన జిగురు ఒక్క మార్పుతో పోదు. రిపేరు తర్వాతి మొదటి రిపోర్టులో పొటాషియం 5, 10 కనిపిస్తే కంగారు పడొద్దు, అది పాత సరుకే. రెండో రిపోర్టులో అంతకన్నా తగ్గాలి. పెరిగితే మాత్రం మళ్లీ మెకానిక్ దగ్గరికి వెళ్లి, ఈసారి ఆయిల్ కూలర్‌ని విప్పి ప్రెషర్ పట్టి చూడమనండి.